‘ఒమర్’ డీవీడీ: గోడ ఎక్కగలిగిన కుర్రాడు పిల్లను అడగలేకపోయాడు

ముందు డిస్క్ సంగతి. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను, అమ్మినవాళ్ళు రీజియన్ 1 (అమెరికా వైపు ప్లేయర్లలో మాత్రమే ఆడే రకం) అని ఎక్కడా రాయలేదు, మన ప్లేయర్లేమో రీజియన్ 5, ఇంట్లో పెడితే అసలు ఆడలేదు. చివరికి ల్యాప్‌టాప్‌లో చూశాను. కొనేవాళ్ళు ఇది ముందే అడిగి తెలుసుకోండి. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ బాగానే ఉన్నాయి.

ఇక సినిమా. హాని అబూ అసద్ 2013లో తీశారు, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఒమర్ ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో రొట్టెలు కాల్చే కుర్రాడు. నాదియా అతని ప్రాణ స్నేహితుడు తారెక్ చెల్లెలు, ఇంకా స్కూల్లో చదువుతోంది. మధ్యలో ఇజ్రాయెల్ 2002లో కట్టడం మొదలుపెట్టిన గోడ. కాంక్రీటు ఉన్నచోట 8 మీటర్ల ఎత్తు ఉంటుంది, చాలా దూరం వెస్ట్ బ్యాంక్ లోపలి నుంచే పోతుంది కాబట్టి పాలస్తీనా వాళ్ళనే పాలస్తీనా వాళ్ళ నుంచి విడదీస్తుంది. ఒమర్ తాడు పట్టుకుని, తుపాకీ కాల్పులు తప్పించుకుంటూ దాన్ని ఎక్కి దిగుతాడు. అంత చేసి అవతలి ఇంట్లో కూర్చున్నాక, అన్న పక్కనే ఉంటాడు కాబట్టి ఆ అమ్మాయి కళ్ళలోకి సరిగ్గా చూడలేడు. ఆమె టీ తెస్తుంది, ఆ కాస్త సందులోనే మడత పెట్టిన చీటీ చేతులు మారుతుంది. నాకు సినిమా మొత్తంలో ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ చీటీయే.

అక్కడ పిల్లను అడగాలంటే పెద్దలు కదలాలి. ‘జాహా’ అంటారు, మగపెద్దలు కలిసి వెళ్ళి, ఇచ్చిన కాఫీ ముట్టకుండా కూర్చుని, అవతలివాళ్ళు సరేనన్నాకే తాగుతారు. అప్పటిదాకా ప్రేమ అనే మాట బయటికి రాకూడదు. (ఇక్కడి నుంచి కథలో పెద్ద మలుపు చెప్తున్నాను, చూడాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి.) స్నేహితుల్లో ఒకడు నాదియా గురించి పరువుకు సంబంధించిన ఒక అబద్ధం చెప్తాడు. ఒమర్ నమ్మేస్తాడు, ఆమెను అడగడు, పైగా తన పెళ్ళి కోసం కూడబెట్టుకున్న డబ్బు కూడా వాడికే ఇచ్చేస్తాడు. మా అమ్మ పక్కన కూర్చుని చూస్తూ “ఆ పిల్లనొక్కమాట అడగొచ్చు కదరా” అని రెండుసార్లు అంది. కానీ ఎలా అడుగుతాడు? వాళ్ళిద్దరూ నలుగురి ముందూ నోరు విప్పి మాట్లాడుకున్నది ఎప్పుడు? జైల్లో పెట్టి ఇన్ఫార్మర్‌గా మార్చాలని చూసే ఇజ్రాయెల్ ఏజెంట్‌కి కూడా ఈ రహస్యమే ఆయుధం. దాచుకున్న ప్రేమ కాబట్టే ఎవడు పడితే వాడు దాన్ని నొక్కగలిగాడు.

ఒమర్‌గా ఆడమ్ బక్రీ, నాదియాగా లీమ్ లుబానీ, ఇద్దరూ నటిస్తున్నట్టే అనిపించరు. కొన్నేళ్ళ తర్వాత ఒమర్ మళ్ళీ అదే తాడు పట్టుకుని, సగం కూడా ఎక్కలేక కింద కూలబడి ఏడుస్తాడు, దారినపోయే ఒక ముసలాయన వచ్చి ఎక్కడానికి సాయం చేస్తాడు. ఆ సీన్ దగ్గర ఆపేసి, కాసేపాగి మళ్ళీ పెట్టుకున్నాను.

హింస ఉంది, చిన్నపిల్లలతో వద్దు. డిస్క్ విషయంలో ఒక స్టార్ తగ్గించి 4 ఇస్తున్నాను, సినిమాకైతే 5.