నేషన్‌స్టేట్స్: ఓటు ఎవరికుండాలో నేర్పిన ఆట

నేను అనకాపల్లి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఓటర్ల జాబితా సవరణ వచ్చిందంటే బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) డ్యూటీ కూడా నాదే. అందుకేనేమో, నేషన్‌స్టేట్స్ ఆటలో నేను జెండాల దగ్గరా యుద్ధాల దగ్గరా ఆగలేదు. ఓటు ఎవరికివ్వాలన్న గొడవ దగ్గరే నాలుగేళ్లుగా ఉండిపోయాను.

ఆస్ట్రేలియా రచయిత మాక్స్ బారీ 2002లో మొదలుపెట్టిన ఆట ఇది. బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకోవచ్చు, కాకపోతే అంతా ఇంగ్లిష్‌లోనే. ఒక దేశం పెట్టుకుని, వచ్చిన సమస్యల మీద నిర్ణయాలు తీసుకోవాలి. నా దేశం పేరు గోస్తని. ఆ పని రోజుకు పది నిమిషాల్లో అయిపోతుంది. అసలు రాజకీయమంతా రీజియన్లలో, అంటే దేశాల కూటముల్లో నడుస్తుంది.

ఇక్కడ ఒక మనిషి ఎన్ని దేశాలైనా పెట్టుకోవచ్చు. అదనంగా పెట్టుకున్నవాటిని పప్పెట్లు అంటారు. ఆటలో ఐక్యరాజ్యసమితి లాంటి వరల్డ్ అసెంబ్లీలో మాత్రం ఒక మనిషికి ఒకే దేశం. ఈమెయిల్ ద్వారా ధ్రువీకరించుకుని చేరాలి. రెండు దేశాలతో చేరినట్టు తేలితే మోడరేటర్లు తీసేస్తారు. రీజియన్ డెలిగేట్, అంటే అసెంబ్లీలో ఆ రీజియన్ ప్రతినిధి, ఎవరో తేల్చేవి ఈ సభ్యదేశాలు ఇచ్చే ఎండార్స్‌మెంట్లే, అంటే మద్దతులే. అవి అదే రీజియన్‌లో ఉన్నవాళ్ల మధ్యే చెల్లుతాయి. ఇంత తేలికైన నిబంధనతో దొంగ ఓట్లకు అడ్డుకట్ట వేయడం నాకు చాలా నచ్చింది.

నచ్చనిదీ ఉంది. అసెంబ్లీ తీర్మానాల మీద డెలిగేట్ ఓటుకు ఎండార్స్‌మెంట్ల బరువు కూడా కలుస్తుంది. 200 ఉంటే ఆ ఒక్కరివే 201 ఓట్లు. ఎండార్స్ చేసినవాళ్లు తమ ఓటు విడిగా ఎలాగూ వేస్తారు. అంటే వాళ్ల మాట రెండుసార్లు లెక్కకొచ్చినట్టే. ఇది న్యాయమని నేను ఒప్పుకోలేను.

ఇక రీజియన్లు సొంతంగా రాసుకునే పౌరసత్వ చట్టాలు. రీజియన్ సొంత ఎన్నికల్లో ఓటు ఎవరికుందో తేల్చేవి ఇవే. నేనున్న రీజియన్‌లో రెండు షరతులుండేవి: అసెంబ్లీ దేశం ఇక్కడే ఉండాలి, నెలలో ఒక్కసారైనా లాగిన్ కావాలి. చదవడానికి బాగానే ఉంటాయి. కానీ మా రీజియన్ సైన్యంలో, అంటే వేరే రీజియన్లకు వెళ్లి ఎండార్స్‌మెంట్లతో అక్కడి డెలిగేట్‌ను నిలబెట్టే ఆటగాళ్ల బృందంలో, పనిచేసే ఒకతను, వేరే రీజియన్‌ను కాపాడడానికి తన అసెంబ్లీ సభ్యత్వాన్ని ఒక పప్పెట్‌కు మార్చుకుని అక్కడికి వెళ్లాడు. వెళ్లింది మా పని మీదే. తిరిగొచ్చేసరికి ఓటు లేదు. మరుసటి ఏడాది నా వంతు వచ్చింది. పదో తరగతి పరీక్షలు, ఆపైన పేపర్ల మూల్యాంకనం. ఆటలో వెకేషన్ మోడ్ పెట్టుకుంటే 60 రోజులు రాకపోయినా దేశం పోదు కదా అని నిశ్చింతగా ఉన్నాను. దేశం ఉంది, పౌరుల జాబితాలో పేరు లేదు. మర్నాడే ఎన్నిక. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా బూత్‌లో ఊరు మారిన మనిషి పేరు తీయాలన్నా నేను ఊరికే కొట్టేయలేను. పేరు తొలగించమని కోరే ఫారం 7 ఉంటుంది, ఇంటికి వెళ్లి విచారించాలి. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకు జాబితాలో మార్పులు ఉండవు. ఈ రెండు సంగతులూ రాసి సవరణ ప్రతిపాదించాను. పేరు తీసే ముందు వారం రోజుల నోటీసు ఇవ్వాలి. ఎన్నిక ప్రకటించిన రోజే జాబితా ఖాయం కావాలి. సైన్యం పని మీద బయటికెళ్లినవాళ్లను ఇక్కడున్నట్టే లెక్కించాలి. రెండు వారాలు వాదించుకున్నాం. నోటీసు ఇస్తే ఆటకు దూరమైనవాళ్లు ఓటు కోసమే వచ్చి పోతారని కొందరన్నారు. వస్తే రానివ్వండి, వాళ్లూ మనవాళ్లేగా అన్నాను. సవరణ నెగ్గింది.

ఐదుకు నాలుగు చుక్కలు ఇస్తాను. కొత్తగా చేరేవాళ్లు రీజియన్ ఎంత పెద్దదో చూడకండి. పేరు తీసేముందు చెబుతారో లేదో దాని చట్టంలో చదివాకే చేరండి.

మా రీజియన్‌లో ఇప్పుడు ఆ జాబితా చూసేది నేనే. పోయిన నెల 11 మందికి నోటీసులు పంపాను. తొమ్మిది మంది తిరిగొచ్చారు.