చదువులో కంప్యూటర్: ఏ పనికి పెడితే మేలు?

బడిలో కంప్యూటర్ ఉండాలా వద్దా అన్న వాదన పాతబడింది. ఇప్పుడు తేల్చుకోవలసింది దాన్ని ఏ పనికి పెట్టాలన్నదే. పిల్లల చేతికిచ్చి వదిలేయాలా? టీచర్ ఉండగానే దానితో అభ్యాసం చేయించాలా? లేక పిల్లలే దానికి పని చెప్పేలా చూడాలా?

మొదటి దారి అందరికీ నచ్చుతుంది, ఎందుకంటే కొని పంచితే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. ‘ఒక్కో పిల్లవాడికి ఒక ల్యాప్‌టాప్’ అంటూ 2005లో మొదలైన ప్రయత్నంలో పెరూ దేశం లక్షల ల్యాప్‌టాప్‌లు కొంది. తర్వాత పరిశోధకులు అక్కడి పల్లె బడులను పోల్చి చూస్తే, ల్యాప్‌టాప్‌లు అందిన చోటా అందని చోటా పిల్లల లెక్కలూ భాషా దాదాపు ఒకేలా ఉన్నాయి. ల్యాప్‌టాప్ వాడడం మాత్రం బాగానే వచ్చింది! ఈ దారి గురించి నేను ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

రెండో దారికి ఢిల్లీలో జరిగిన ఒక అధ్యయనం మంచి ఉదాహరణ. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. బడి అయ్యాక పిల్లలు ఒక కేంద్రానికి వెళ్లి, మైండ్‌స్పార్క్ అనే ప్రోగ్రామ్‌తో కొంతసేపు, చిన్న గుంపుగా ఒక బోధకుడి దగ్గర కొంతసేపు చదువుకున్నారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ మిగతావాళ్లకంటే బాగా ముందుకెళ్లారు. కారణం యంత్రం మెరుపు కాదు. ఒకే తరగతిలో కూర్చున్న పిల్లల మధ్య నాలుగైదు తరగతుల తేడా ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లకి భాగహారమే రాకపోతే బీజగణితం పాఠం ఎంత బాగా చెప్పినా తలకెక్కదు. ఆ ప్రోగ్రామ్ ముందు పరీక్ష పెట్టి, పిల్ల ఎక్కడ ఆగిపోయిందో అక్కడినుంచే మొదలుపెడుతుంది. నలభైమంది ఉన్న తరగతిలో ఎంత ఓపికున్న టీచర్‌కైనా ఇది రోజూ సాధ్యమయ్యే పని కాదు.

ఇక మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. గణిత శాస్త్రవేత్త సేమోర్ పాపర్ట్, ఆయన తోటివాళ్లు 1967లో తెచ్చిన, కంప్యూటర్‌కి పని చెప్పే ‘లోగో’ అనే భాషలో పిల్లలు తెర మీది ఒక తాబేలు బొమ్మకి ‘వంద అడుగులు ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి’ అని ఆదేశాలిస్తే గీత పడుతుంది. నాలుగుసార్లు చెబితే చతురస్రం. మరి సమబాహు త్రిభుజం? కోణం అరవై కదా అని అరవై తిప్పుతారు, తాబేలు ఎటో పోతుంది. తిప్పాల్సింది నూట ఇరవై అని పిల్ల తనంతట తాను పట్టుకున్నాక బాహ్యకోణాన్ని ఇక మర్చిపోదు. కాకపోతే దీనికి తీరిక కావాలి, ఆ ఆట తెలిసిన టీచర్ కావాలి. సిలబస్ టెన్షన్‌లో ఉన్న బడుల్లో ఈ రెండూ అరుదు.

ఏఐ వచ్చాక ఈ లెక్కంతా మారిపోయిందంటారు. నాకైతే ఇంకా స్పష్టమైందనిపిస్తుంది. తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. మామూలు చాట్‌బాట్ ఇచ్చినవాళ్లు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ ముట్టనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా కట్టడి చేసిన చాట్‌బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు. యంత్రం ఒకటే, వాడిన తీరు వేరు.

అందుకే ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు రెండో దారికి. వారానికి కొన్ని పీరియడ్లు, గదిలో టీచర్, పిల్ల స్థాయిని బట్టి సాగే అభ్యాసం. తీరిక, మనుషులు ఉన్న బడి మూడోదాన్నీ కలుపుకోవచ్చు. ఏ ప్రోగ్రామైనా కొనే ముందు కావాలనే ఒక తప్పు జవాబు కొట్టి చూడండి. సరైన జవాబు చూపించేసి తర్వాతి ప్రశ్నకి పోతే దాన్ని పక్కన పెట్టేయండి. తప్పు ఎక్కడ జరిగిందో వెతికించి, అదే రకం లెక్క ఇంకొకటి ఇస్తే ఆ తర్వాత ధర సంగతి మాట్లాడొచ్చు.