సర్వీస్ కంపెనీనా, జీసీసీనా: ఏది మేలు?

రెండు ఐటీ ఉద్యోగాల ఆఫర్లు చేతిలో ఉన్నాయి, ఒకటి సర్వీస్ కంపెనీది, ఇంకొకటి జీసీసీది, ఏది తీసుకోమంటారని నన్ను అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అమెరికాలో తీసేసిన పని హైదరాబాద్‌కు ముఖ్యంగా ఈ రెండు దారుల్లోనే వస్తోంది. ఒకటి, వేరే కంపెనీల ఐటీ పని చేసిపెట్టే సర్వీస్ కంపెనీకి కాంట్రాక్టుగా. రెండోది, అక్కడి కంపెనీయే ఇక్కడ సొంత ఆఫీసు పెట్టడం, దాన్నే జీసీసీ (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్) అంటారు. 1998లో మైక్రోసాఫ్ట్ అలాగే వచ్చింది, 2025లో మెక్‌డొనాల్డ్స్ కూడా.

జీతం సంగతి తెలిసిందే. సర్వీస్ కంపెనీ డాలర్లలో బిల్లు వేసి మనకు రూపాయల్లో ఇస్తుంది. రూపాయి పడితే లాభం కంపెనీది, మన హైక్ మాత్రం అంతే. జీసీసీలో మధ్యవర్తి లేడు కాబట్టి అదే అనుభవానికి సాధారణంగా ఎక్కువే ఇస్తారు.

నా దృష్టిలో తేల్చేది జీతం కాదు, పని ఎంత లోతుగా మన చేతికొస్తుందన్నది. అక్కడివాళ్లు తమ పనిని మనకు నేర్పి అప్పగించే కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) కాల్స్‌లో కూర్చున్నవాళ్లకు ఇది తెలుసు. ఏళ్ల తరబడి ఆ సిస్టమ్‌ని చూసుకున్న మనిషి స్క్రీన్ షేర్ చేసి, నెలాఖరున ఫలానా బ్యాచ్ జాబ్ ఎందుకు ఆగిపోతుందో ఓపిగ్గా చెబుతాడు. మన నోట్స్ పూర్తయ్యాక ఆయన ఉద్యోగం పోతుంది. అక్కడ చాలామందికి ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. మన లాభం వెనక ఆయన నష్టం ఉందన్నది దాచాల్సిన మాట కాదు.

ఆయన చెప్పింది సర్వీస్ కంపెనీలో టికెట్లు, అంటే వచ్చిన ఫిర్యాదులు, క్లోజ్ చేయడానికే పనికొస్తుంది. సిస్టమ్ ఎలా మారాలో క్లయింట్ చెబుతాడు. కాంట్రాక్టు పోతే బెంచ్, అంటే ప్రాజెక్టు లేకుండా జీతం మీద ఎదురుచూడటం, తర్వాత ఇంకేదో రంగం పని. జీసీసీలో అదే సిస్టమ్ మీద నిలదొక్కుకుంటే డిజైన్ రివ్యూలో మన మాటకు విలువ వస్తుంది. చవకని ఇక్కడికొచ్చిన పని రేపు ఇంకా చవకైన దేశానికో, ఏఐకో పోయినప్పుడు ఆ అనుభవమే ఇంకో ఉద్యోగం ఇప్పిస్తుంది.

జీసీసీలో బెంచ్ ఉండదు. హెడ్డాఫీసు వద్దనుకుంటే టీమ్ మొత్తాన్ని ఒక్క రోజులో తీసేయగలదు. ఇంటి లోన్ ఉన్నవాళ్లు ఆరు నెలల ఈఎంఐలు పక్కన పెట్టుకునే మారండి.

ఫ్రెషర్లకు ట్రైనింగ్ కోసం సర్వీస్ కంపెనీ మంచిదే. ఆన్‌సైట్, అంటే కంపెనీ అమెరికా పంపుతుందన్న ఆశతో మాత్రం చేరొద్దు, 2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్1బీ వీసాకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది. స్టార్టప్ అంటారా, ఇంటి బాధ్యతలు లేనివాళ్లకు సరే.

ఇంటర్వ్యూలో ఒక్కటి అడగండి: ప్రొడక్ట్ ఓనర్, అంటే సిస్టమ్‌లో ఏం చేయాలో నిర్ణయించే మనిషి, హైదరాబాద్‌లో కూర్చుంటారా, అమెరికాలోనా? అంతా అక్కడి టీమే చూసుకుంటుందంటే, జీసీసీ అయినా సరే, ఉన్నచోటే ఉండి ఇంకో ఆఫర్ చూసుకోండి.