క్లినిక్ సిబ్బందికి కొత్త సమాచారం: వాట్సాప్ గ్రూపా, గోడ మీద కాగితమా, పది నిమిషాల మీటింగా?

మా క్లినిక్‌లో ఎమర్జెన్సీ పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉండేది. ఇంజెక్షన్ వేశాక ఎవరికైనా తీవ్రమైన అలర్జీ రియాక్షన్ వస్తే ఏం చేయాలో దాని మీద వరసగా రాసి ఉండేది: అడ్రినలిన్, ఆ వెంటనే అలర్జీ తగ్గించే ఇంజెక్షన్, తర్వాత స్టెరాయిడ్. 2021లో బ్రిటన్ రెససిటేషన్ కౌన్సిల్ ఈ వరసను మార్చింది. మొదటి అత్యవసర చికిత్సలోంచి ఆ చివరి రెండింటినీ తప్పించి, 5 నిమిషాల్లో మెరుగు కనపడకపోతే అడ్రినలిన్‌నే మళ్లీ ఇవ్వమంది. మిగతావి వెతికి తీసి సిరంజిలోకి ఎక్కించేలోపు అసలు మందు ఆలస్యం కాకూడదు కదా. మా డాక్టర్ గారు ఆ పీడీఎఫ్‌ను రాత్రి పదింటికి గ్రూపులో పెట్టారు. తెల్లారేసరికి దాని కింద ఏడు బొటనవేళ్లు. నెల తర్వాత పెట్టె తెరిస్తే అదే పాత కాగితం.

"సిస్టర్, గ్రూపులో పెట్టాను కదా, చూడలేదా?"

"చూశాను సార్. కాగితం మార్చమని ఎవరికి చెప్పారో అర్థం కాలేదు."

ఏడుగురికీ ఒకేసారి చెప్పారు కాబట్టి, మిగతా ఆరుగురిలో ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ఏడుగురమూ అనుకున్నాం. అప్పటినుంచి ఏ కొత్త సంగతి ఏ దారిలో వస్తే పనిలోకి దిగుతోందో గమనించడం మొదలుపెట్టాను. డాక్టర్లు, నర్సులు, రిసెప్షన్ కలిపి పదిమంది లోపు ఉండే చిన్న క్లినిక్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

వాట్సాప్‌ను తిట్టడం సులువే గానీ, దానికి సాటిలేని పని ఒకటుంది: మందుల రీకాల్. 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఎసిడిటీకి వాడే రానిటిడిన్‌ను మొత్తంగా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. మందు నిల్వ ఉన్నకొద్దీ, ముఖ్యంగా వేడి తగిలితే, అందులో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ అనే కలుషిత పదార్థం పెరుగుతోందని కారణం చెప్పింది. ఇలాంటి కబురు రేపటి మీటింగ్ దాకా ఆగకూడదు. ఫలానా మందు, ఫలానా బ్యాచ్, ఇవ్వడం ఆపండి అని మూడు ముక్కలు అందరి ఫోన్లలో ఒకే నిమిషంలో పడాలి. అయితే జవాబుగా బొటనవేలు పనికిరాదు. "షెల్ఫ్ చూశాను, ఎమర్జెన్సీ పెట్టె చూశాను, మన దగ్గర లేదు" అని ఒకరు పేరుతో రాయాలి. నీలి టిక్కులు మెసేజ్ తెరిచారని చెబుతాయి, షెల్ఫ్ తెరిచారని చెప్పవు.

చిక్కంతా మూడు నెలల తర్వాత మొదలవుతుంది. అదే మెసేజ్ కావాలంటే పుట్టినరోజు శుభాకాంక్షలు, డ్యూటీ మార్పులు, ప్రింటర్ ఇంకు అయిపోయిందన్న ఫిర్యాదులు అన్నీ దాటుకుంటూ పైకి పోవాలి. ఒకే విషయం మీద పాత మెసేజ్, కొత్త మెసేజ్ రెండూ దొరుకుతాయి, పాతది పాతదని చెప్పేవాళ్లు ఉండరు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అనుమానం తీర్చుకోవడానికి ఎవరో రిపోర్టు ఫొటో తీసి గ్రూపులో పెడతారు, పేషెంట్ పేరు పైనే కనపడుతుంటుంది. మెసేజ్ దారిలో ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది, నిజమే. వచ్చాక ఆ ఫొటో ప్రతి ఫోన్ గ్యాలరీలోకీ చేరిపోవచ్చు. ఉద్యోగం మానేసి ఆరు నెలలైనా గ్రూపులోంచి తీయని వాళ్ల ఫోన్లలోకి కూడా. మా గ్రూపు జాబితా ఒకసారి చదివితే అలాంటి పేర్లు రెండు కనిపించాయి.

ఇక కాగితం. కరెంటు పోయినా, నెట్ రాకపోయినా, చేతులకు గ్లవ్స్ ఉన్నా చదవగలిగేది అదొక్కటే. పైగా పని జరిగే చోటే ఉంటుంది. టీకాల ఫ్రిజ్ తలుపునే తీసుకోండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని, రోజుకు రెండుసార్లు చూసి రాయాలని అందరికీ నోటికి వచ్చు. ఉదయం తలుపు తీసేసరికి 0 కింద చూపిస్తే ఏం చేయాలన్నదే అక్కడ రాసి ఉండాలి: పారేయకండి, వాడకండి, విడిగా "వాడరాదు" అని రాసి సరైన చలిలో పెట్టండి, ఫలానా వారికి చెప్పండి. వేడి తగిలితే టీకా పాడవుతుందని అందరూ భయపడతారు. గడ్డకడితే పాడవుతుందన్న సంగతే గుర్తుండదు. డీపీటీ, హెపటైటిస్ బి లాంటి అల్యూమినియం కలిసిన టీకాలు ఒకసారి గడ్డకట్టాయంటే, కరిగాక మామూలుగా కనిపించినా పనికిరావు. ఆ ఒక్క వాక్యం ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి, ఫోన్‌లో కాదు.

కాగితానికి ఉన్న జబ్బు వేరే. తనకు వయసు మీదపడిన సంగతి అది చెప్పదు. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ చార్టు చూడండి. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వరసను మార్చి ఛాతీ నొక్కడాన్ని ముందుకు తెచ్చింది. అప్పుడు వేగం "నిమిషానికి కనీసం 100" అన్నారు. 2015 వచ్చేసరికి 100 నుంచి 120 మధ్యే ఉండాలని, లోతు కనీసం 5 సెంటీమీటర్లు ఉండి 6 దాటొద్దని పైహద్దు పెట్టారు. 2010 నాటి చార్టు గోడ మీద ఇంకా ఉంటే చూడ్డానికి తప్పేమీ కనపడదు. దాన్ని నమ్మిన మనిషి 140 వేగంతో నొక్కినా ఆ కాగితం ఆపదు. ఇంకో మాట, ఏ నోటీసైనా గోడ మీద నెలరోజులు ఉందంటే గోడ రంగులో కలిసిపోతుంది. మా రిసెప్షన్ వెనక గోడకు పదిహేను కాగితాలుండేవి. వాటిలో ఒకదాన్ని తలకిందులుగా అంటించాను. తొమ్మిది రోజుల వరకు ఎవరూ అడగలేదు.

అందరికీ ఒకే లింకుతో ఆన్‌లైన్ ఫోల్డర్ పెట్టుకోవడం కాగితానికి మంచి తోడు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ సంగతి చూడండి. దాన్ని ఎవరికి ఇవ్వకూడదో తేల్చడానికి 2016లో ఎఫ్‌డీఏ రక్తంలోని క్రియాటినిన్ లెక్క వదిలి, కిడ్నీలు ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అంకెకు మారింది. 30 కంటే తక్కువైతే వాడకూడదు, 30 నుంచి 45 మధ్య ఉన్నవాళ్లకు కొత్తగా మొదలుపెట్టవద్దు అంది. ఇలాంటి వివరాలు గోడ మీద పట్టవు, వాట్సాప్‌లో నిలవవు. ఫోల్డర్‌లోనైతే మార్పు ఒకచోట చేస్తే చాలు. కాకపోతే పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిసి, ఆవిడ సెలవులో ఉంటే ఫోల్డర్ ఉన్నా లేనట్టే. ఈమెయిల్ న్యూస్‌లెటర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు ఆయన చదివాడని అనుకుంటారు. వీడియో కోర్సులు సర్టిఫికెట్‌కు మంచివే గానీ, సీపీఆర్ లాంటి చేతిపని కొన్ని నెలల్లోనే చేతిలోంచి జారిపోతుంది.

నా ఓటు మీటింగ్‌కే. గంటసేపు కూర్చోబెట్టే మీటింగ్ కాదు, సోమవారం తలుపులు తీయకముందు నిలబడి చేసే పది నిమిషాలు, ఒకే విషయం.

మేం పెట్టుకున్న మొదటిది అడ్రినలిన్ గురించే. గడువు తీరిన ఆంప్యూల్ (మందున్న చిన్న గాజు గొట్టం) ఒకటి బల్ల మీద పెట్టి, "పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండలోకి. సిరంజిలోకి తీసి చూపించండి" అన్నారు డాక్టర్ గారు. ఆంప్యూల్ మీద 1:1000 అని ఉంది. ఇద్దరు అక్కడే ఆగిపోయారు. 1:1000 అంటే ఒక మిల్లీలీటర్‌లో ఒక మిల్లీగ్రాము అని తీరిగ్గా కూర్చుంటే తడుతుంది, ఎదురుగా మనిషి కూలిపోతుంటే టెన్షన్‌లో తట్టదు. ఈ గందరగోళం వల్లే అమెరికాలో 2016 నుంచి అడ్రినలిన్ లేబుల్ మీద నిష్పత్తి తీసేసి మిల్లీగ్రాముల్లోనే రాయమన్నారు. మూడో ఆవిడ లెక్క ఠక్కున చెప్పింది. కానీ పెట్టెలో చెయ్యి పెడితే అన్నీ 10 మిల్లీలీటర్ల సిరంజిలే. దాంతో అర మిల్లీలీటర్ కొలవమంటే తాటిచెట్టు కొలిచే కర్రతో గోరు కొలవమన్నట్టే. ఒక మిల్లీలీటర్ సిరంజిలు లేవని ఏ పీడీఎఫూ మాకు చెప్పలేదు, చెప్పదు కూడా. ఎవరో ఒకరు చెయ్యి పెడితేనే తెలిసింది.

బీపీ చూడడమూ అంతే. 5 నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆనుకోవాలి, పాదాలు నేల మీద ఉండాలి, చేతికి చుట్టే కఫ్ గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడించకూడదు. తెలియనివాళ్లు లేరు. ఒకరికొకరు చూసుకుంటుంటే మాత్రం, "అక్కా, నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు" అని రిసెప్షన్ అమ్మాయే పట్టేసింది. లావు చేతికి చిన్న కఫ్ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుందన్నది కూడా ఆ రోజే కళ్లారా చూశాం.

మీటింగ్‌కు లోపాలు లేవని కాదు. మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు, వారానికి రెండు రోజులు వచ్చేవాళ్లు తప్పిపోతారు. డాక్టర్ గారు మంచి ఊపులో ఉంటే పది నిమిషాలు అరగంట ఉపన్యాసమవుతుంది, బయట పేషెంట్లు గడియారం చూసుకుంటుంటారు. అందుకే షిఫ్టులు ఎక్కువున్న చోట ఆన్‌లైన్ ఫోల్డర్‌నే ముందు పెట్టుకుని, మీటింగ్‌లో తేలింది మూడు లైన్లలో అందులో రాసుకోవడం మేలు. నలుగురైదుగురే ఉంటే ఫోల్డర్ అవసరమే రాకపోవచ్చు. మీటింగ్, పనిచేసే చోట ఒక్కో కాగితం సరిపోతాయి. వాట్సాప్‌ను రెండు చోట్లా రీకాల్‌కే, అలాంటి తొందర కబుర్లకే ఉంచుకోవాలి.

కాగితాలు మార్చే బాధ్యత డాక్టర్‌కు ఇవ్వకండి, ఆయనకు కుదరదు. మా దగ్గర అది రిసెప్షన్ అమ్మాయి చేతిలో ఉంది. వైద్యం సంగతి డాక్టర్ గారు సరిచూసి సంతకం పెడతారు, తారీఖు ఆమె చూస్తుంది. ప్రతి కాగితం కింది మూలన ఎప్పుడు రాసింది, మళ్లీ ఎప్పుడు చూడాలి, ఎవరు చూడాలి అని ఉంటుంది. ఆ మూల ఖాళీగా ఉన్న కాగితాన్ని ఎవరినీ అడక్కుండా పీకేసే హక్కు ఆమెకు ఇచ్చాం. మొదటి వారంలోనే పదకొండు పీకింది, నేను తలకిందులుగా అంటించింది కూడా అందులోనే పోయింది.