గూగుల్ క్లౌడ్ సీఎల్ఐ రివ్యూ: ప్రశ్నలు ఆపేసి డిప్లాయ్ చేయిస్తే ఎంతవరకు నమ్మొచ్చు?

టెర్మినల్ ముందు కూర్చుని క్లౌడ్ రన్‌కి (కంటెయినర్ యాప్‌లని నడిపే గూగుల్ సర్వీస్) డిప్లాయ్ చేసేవాళ్లకి, అంటే యాప్‌ని అక్కడికి ఎక్కించేవాళ్లకి, జీక్లౌడ్‌తో (గూగుల్ క్లౌడ్ సీఎల్ఐలోని కమాండ్) పెద్ద పేచీ ఉండదు. ఏ రీజియన్ (సర్వర్లుండే ప్రాంతం), బయటివాళ్లకి తెరవాలా, ఏపీఐ (ఆ సర్వీస్‌ని ప్రోగ్రామ్‌లు వాడుకునే దారి) ఆన్ చేయాలా అని ఒక్కొక్కటే అడుగుతుంది. జవాబు కొడితే పనైపోతుంది. అదే కమాండ్‌ని గిట్‌హబ్ యాక్షన్స్, జెంకిన్స్ లాంటి ఆటోమేటిక్ పైప్‌లైన్‌లో పెట్టాక అసలు చిక్కులు బయటపడతాయి. అక్కడ జవాబు చెప్పే మనిషి ఉండడు.

దీనికి జీక్లౌడ్ ఇచ్చే మందు ‘--క్వయెట్’ ఫ్లాగ్. పొట్టిగా ‘-క్యూ’ అన్నా చాలు, ఏ కమాండ్‌కైనా తగిలించొచ్చు. ప్రతి లైన్లో రాయడం విసుగనిపిస్తే ‘క్లౌడ్‌ఎస్‌డీకే_కోర్_డిసేబుల్_ప్రాంప్ట్స్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇస్తే జాబ్ (పైప్‌లైన్ నడిపే ఒక విడత పని) మొత్తానికీ వర్తిస్తుంది. చాలా స్క్రిప్టులు ఇక్కడే ఒక తప్పు లెక్క వేసుకుంటాయి: క్వయెట్ పెట్టాం కాబట్టి అన్నిటికీ ‘వై’ (అవును) కొట్టినట్టే అని. నిజానికి అది ఒక్కో ప్రశ్నకి ముందే పెట్టి ఉన్న డిఫాల్ట్ జవాబు తీసుకుంటుంది. డిఫాల్ట్ లేని చోట ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

డిఫాల్టులేమో అన్నీ ఒకలా లేవు. కొత్త సర్వీస్‌కి లాగిన్ లేకుండా అనుమతించాలా అన్న ప్రశ్నకి డిఫాల్ట్ ‘ఎన్’ (వద్దు). కాబట్టి డిప్లాయ్ పచ్చగా ముగుస్తుంది, యూఆర్ఎల్ తెరిస్తే 403 (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తుంది. లాగ్‌లో ఎంత వెతికినా యాప్‌లో తప్పు దొరకదు, ఎందుకంటే రిక్వెస్ట్ యాప్ దాకా చేరనే లేదు. ఏపీఐ ఎనేబుల్ చేయాలా అన్నదానికీ ‘ఎన్’ అనే, అక్కడ జాబ్ ఆగిపోతుంది. సోర్స్ నుంచి డిప్లాయ్ చేసేటప్పుడు ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీలో (కంటెయినర్ ఇమేజ్‌లు దాచే గూగుల్ సర్వీస్) రిపాజిటరీ సృష్టించాలా అన్నదానికి మాత్రం ‘వై’, గప్‌చుప్‌గా సృష్టించేస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం, సర్వీస్ తొలగించే కమాండ్‌కి కూడా డిఫాల్ట్ ‘వై’. క్లీనప్ స్క్రిప్టులో వేరియబుల్ తప్పుపడితే అడిగే దిక్కుండదు.

ఈ పరికరంలో పెద్ద లోపం ఇదే. క్లౌడ్ వనరుల్ని కోడ్‌తో అమర్చే టెర్రాఫార్మ్‌లో ‘-ఇన్‌పుట్=ఫాల్స్’ వేరు, ‘-ఆటో-అప్రూవ్’ వేరు: ప్రశ్నలు ఆపడం ఒకటి, ఒప్పుకోవడం ఇంకొకటి. జీక్లౌడ్ రెంటినీ ఒకే మీటకి ముడివేసింది. పోనీ అని పైప్‌లో ‘యెస్’ కమాండ్ (ఆగకుండా ‘వై’ పంపేది) కలిపేవాళ్లున్నారు. నంబర్ ఎంచుకోమనే రీజియన్ జాబితా ముందు ‘వై’ అక్షరం ఎందుకూ పనికిరాదు.

అందుకని జవాబులన్నీ ఫ్లాగుల్లోనే రాసేయాలి. ‘జీక్లౌడ్ రన్ డిప్లాయ్’ తర్వాత సర్వీస్ పేరు, ‘--ఇమేజ్’, ‘--ప్రాజెక్ట్’, ‘--రీజియన్’ (ముంబైకి ఏషియా-సౌత్1), ఆపైన ‘--అలౌ-అన్‌ఆథెంటికేటెడ్’ లేదా దాని ‘నో’ రూపం. ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పనిసరి. క్లౌడ్ రన్, క్లౌడ్ బిల్డ్, ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీ ఏపీఐలని ప్రాజెక్ట్ ఓనర్ ముందే ఒకసారి ఎనేబుల్ చేసి పెట్టాలి. ఆ అధికారం పైప్‌లైన్‌కి ఇవ్వనక్కర్లేదు. డాకర్ లాగిన్ కోసం ‘ఆథ్ కాన్ఫిగర్-డాకర్’ వాడితే ముంబై రిజిస్ట్రీ హోస్ట్ పేరు వెంట ఇవ్వాలి. పేరు లేకుండా నడిపితే పాత జీసీఆర్ (గూగుల్ కంటెయినర్ రిజిస్ట్రీ) హోస్టులనే చేర్చుకుంటుంది, పుష్ దగ్గర అనుమతి లేదంటుంది.

లాగిన్ సంగతి కాస్త మెరుగే. సర్వీస్ అకౌంట్ (మనుషులకి కాక ప్రోగ్రామ్‌లకి ఇచ్చే ఖాతా) జేసన్ కీని సీక్రెట్‌లో దాచే పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది గానీ, ఆ కీ లీకైతే తొలగించేదాకా చెల్లుతూనే ఉంటుంది. కీ దాచకుండా తాత్కాలిక టోకెన్‌తో లాగిన్ చేయించే వర్క్‌లోడ్ ఐడెంటిటీ ఫెడరేషన్ మొదటిసారి అమర్చడం తలనొప్పే, తర్వాత సుఖం. గిట్‌హబ్ జాబ్‌లో ‘ఐడీ-టోకెన్: రైట్’ పర్మిషన్ మర్చిపోతే టోకెనే రాదు. డిప్లాయ్ చేసే అకౌంట్‌కి రన్ డెవలపర్ రోల్‌తో పాటు, యాప్ ఏ సర్వీస్ అకౌంట్‌తో నడుస్తుందో దాని మీద సర్వీస్ అకౌంట్ యూజర్ రోల్ కూడా కావాలి. ఇది లేకపోతే ‘యాక్ట్‌యాజ్’ ఎర్రర్, అంటే ఆ అకౌంట్ తరఫున పనిచేసే అనుమతి లేదని. సర్వీస్‌ని అందరికీ తెరవాలంటే రన్ డెవలపర్ చాలదు, రన్ అడ్మిన్ కావాలి. అది లేకపోతే రివిజన్ (సర్వీస్ కొత్త వెర్షన్) ఎక్కుతుంది, ఐఏఎం పాలసీ (ఎవరికి ఏ అనుమతో చెప్పే నియమాలు) పెట్టలేకపోయానని ఒక హెచ్చరిక మాత్రం వస్తుంది. మళ్లీ అదే 403.

మెచ్చుకోవాల్సింది ట్రాఫిక్ వ్యవహారం. ‘--నో-ట్రాఫిక్’, ‘--ట్యాగ్’ కలిపి ఇస్తే కొత్త రివిజన్‌కి వేరే యూఆర్ఎల్ వస్తుంది. దాన్ని కర్ల్‌తో (టెర్మినల్ నుంచి యూఆర్ఎల్ పిలిచే కమాండ్) పరీక్షించాక ‘అప్‌డేట్-ట్రాఫిక్’తో మళ్లించొచ్చు. ఇందులో రెండు మెలికలున్నాయి. సర్వీస్ మొట్టమొదటిసారి సృష్టించేటప్పుడు ‘--నో-ట్రాఫిక్’ ఒప్పుకోదు. రెండోది, ఎప్పుడైనా పాత రివిజన్‌కి వెనక్కి వెళ్లి ఉంటే ట్రాఫిక్ దానికే అతుక్కుపోతుంది. ఆ తర్వాతి డిప్లాయ్‌లు విజయవంతం అంటూనే 0 శాతం ట్రాఫిక్‌తో పడి ఉంటాయి. ‘అప్‌డేట్-ట్రాఫిక్’ని ‘--టు-లేటెస్ట్’తో ఒకసారి నడిపితే విడుదలవుతుంది.

యూఆర్ఎల్‌ని స్క్రిప్టులోకి తీసుకోవడానికి ‘--ఫార్మాట్’లో ‘వాల్యూ(స్టేటస్.యూఆర్ఎల్)’ ఇవ్వండి. ప్రోగ్రెస్ గోలంతా ఎస్‌టీడీఎర్ర్‌కే (ఎర్రర్ సందేశాలకి వేరుగా ఉండే దారి) పోతుంది కాబట్టి అవుట్‌పుట్ శుభ్రంగా వస్తుంది. పని ముగిసేదాకా ఆగకుండా వెళ్లిపోయే ‘--ఎసింక్’ జోలికి పోవద్దు. కంటెయినర్ 8080 పోర్టు మీద వినకపోయినా, అప్పటికే కమాండ్ 0 ఎగ్జిట్ కోడ్‌తో (విజయవంతం అన్న గుర్తు) వెళ్లిపోయి ఉంటుంది.