పాత లెక్కల మిషన్ శుభ్రానికి ఏది మేలు: కిరోసినా, టర్పెంటైనా, స్ప్రేనా?

పాత హ్యాండిల్ లెక్కల మిషన్ దొరికిందని ఫొటో పంపేవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "దీనికి ఏ నూనె వేయాలండీ?" నూనె సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది, లోపలున్న పాత నూనెను దేనితో కడగాలి అని. బిగుసుకుపోయిన మిషన్‌లో నూనెకు కొరతేమీ ఉండదు. ఎప్పుడో వేసిన నూనె గాలి తగిలి బంకలా మారి, దుమ్ము పట్టుకుని అక్కడే ఉంటుంది. దాని మీద కొత్త నూనె పోస్తే బంక కొంచెం పలచబడుతుందే తప్ప పోదు. కొన్ని నెలలకు మళ్లీ మొదటికే వస్తుంది.

నేను చెప్పేది ఓడ్నర్ రకం మిషన్ల గురించి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1890లో వీటి తయారీ మొదలైంది. జర్మనీ బ్రన్స్‌విగా, సోవియట్ ఫెలిక్స్ ఆ కుటుంబమే. స్వీడన్ ఫాసిట్‌కు అంకెలు పెట్టే మీటల బదులు పది బటన్లున్నా లోపల సూత్రం అదే. మన దగ్గర స్టాటిస్టిక్స్ చదివిన పెద్దవాళ్లలో ల్యాబులో ఫాసిట్ హ్యాండిల్ తిప్పినవాళ్లు ఉంటారు. కుర్టా అనే గుండ్రటి చిన్న లెక్కల మిషన్ చేతికొస్తే మాత్రం ఇవేవీ చేయకండి, తెలిసినవాళ్లకు అప్పగించండి.

ఇంతకీ దేనితో కడగాలి? నా దృష్టిలో దీన్ని తేల్చేది ఒక్కటే: ఆరిపోయాక లోపల ఏం మిగులుతుంది?

అది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే క్యారీ మీటల్ని దగ్గరగా చూడాలి. ఫలితం చూపే చక్రం 9 దాటి 0కి రాగానే పక్కనున్న చిన్న మీటను కొద్దిగా తోస్తుంది. ఆ మీట తోసిన చోటే నిలబడాలి. హ్యాండిల్‌తో పాటు తిరిగే రోటర్ అక్కడికి వచ్చినప్పుడు, దాని మీదున్న ఒక పంటిని ఈ మీట పక్కకు నెడుతుంది. ఆ పన్ను ఎడమ చక్రాన్ని ఒక అంకె ముందుకు జరుపుతుంది. మనం చేతిలో ఒకటి ఉంచుకుని పక్క స్థానంలో కలిపే పని ఇదే. అది కాగానే మీట వెనక్కి రావాలి. మీటకు జిగురు పట్టి ఉంటే తోసినా పూర్తిగా కదలదు, లేదా వెనక్కి రాదు. హ్యాండిల్ మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంటుంది, జవాబు తప్పు వస్తుంది. అసలు తిరగని మిషన్‌కి జబ్బుందని మనకు తెలుస్తుంది. ఇలా నున్నగా తిరుగుతూ తప్పు చెప్పే మిషన్‌ని బాగైపోయిందనుకుని షెల్ఫులో పెట్టేస్తాం.

కిరోసిన్ మన ఇళ్లలో పాత అలవాటు. జిగురును బాగా వదిలిస్తుంది, నిదానంగా ఆరుతుంది కాబట్టి నానడానికి టైమ్ ఇస్తుంది. కానీ ఆరాక సన్నని జిడ్డు పొర వదిలిపెడుతుంది, వాసన వారాల తరబడి పోదు. ఆ జిడ్డు క్యారీ మీటల మీద ఉండటం నాకు నచ్చదు. పైగా ఇప్పుడు అది దొరకడమే కష్టం.

పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ కూడా నిదానంగానే ఆరుతుంది, జిగురును అంత బాగానూ కరిగిస్తుంది, మిగిల్చేది చాలా తక్కువ. నా ఓటు దీనికే. సీసా మీద 'మినరల్' అని ఉందో లేదో చూసుకోండి. పైన్ చెట్టు జిగురు నుంచి తీసే టర్పెంటైన్ అయితే మళ్లీ జిగటే మిగులుతుంది. పై కవర్లు విప్పి, మిషన్‌ని ట్రేలో పెట్టి, బ్రష్‌తో మీటల మధ్యకు పట్టించి, హ్యాండిల్ మెల్లగా తిప్పుతూ ఉండాలి. కారేది నల్లగా వస్తున్నంత సేపూ ఆపొద్దు. రబ్బరు కాళ్లకు, ప్లాస్టిక్ బటన్లకు తగలనీయకండి. అంకెల మీద రంగు నిలుస్తుందో లేదో ముందు ఒక మూల దూదితో చూసుకోండి. పని ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ శుభ్రంగానే ఆరుతుంది గానీ ముదిరిన జిగురు దానికి లొంగదు, పాత రంగుల్ని మెత్తబరిచే ప్రమాదమూ ఉంది. పెట్రోల్ వద్దు, దాని ఆవిరికి దూరాన ఉన్న నిప్పు కూడా అంటుకుంటుంది.

డబ్ల్యూడీ-40 స్ప్రే గురించి అడిగేవాళ్లే ఎక్కువ. 1953లో అమెరికాలో తయారైంది తేమను తరిమి తుప్పు ఆపడానికి. తుప్పు పట్టిన స్క్రూ మీద కొట్టండి, మంచిదే. మిషన్ లోపల కొడితే మాత్రం జిగురు కరిగి అక్కడే ఇంకో మూలకు చేరుతుంది, పైన దాని పొర కూడా మిగులుతుంది. ఆ రోజుకు హ్యాండిల్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, అందుకే చాలామంది మోసపోతారు.

మొత్తం విప్పేసి కడగడం మేలు కాదా అంటే, చేయి తిరిగినవాళ్లకు మేలే. రోటర్‌లో ప్రతి చక్రానికీ తొమ్మిది పిన్నులు, వాటి పక్కన స్ప్రింగులతో క్యారీ పళ్లు ఉంటాయి. వరస తప్పితే మళ్లీ కూర్చోబెట్టడం పెద్ద టెన్షన్. ఒక్క మాట: హ్యాండిల్ కదలకపోతే ముందే జిగురని తేల్చేయొద్దు. క్యారేజ్ (అంకెల స్థానం మార్చడానికి పక్కకు జరిగే భాగం) గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా, సగం తిప్పి వదిలేసినా మిషన్ తనంతట తానే లాక్ అవుతుంది. బలం పెడితే పన్ను విరుగుతుంది.

ఇక నూనె. కుట్టుమిషన్ నూనె చాలు. ఇరుసుల చివర, క్యారేజ్ జారే పట్టాల మీద సూది మొనతో చుక్క చుక్క. పిన్నులకు, క్యారీ మీటలకు నూనె తడిపిన బ్రష్‌ని గుడ్డకు తుడిచి ఒక్కసారి తాకిస్తే సరిపోతుంది. కొబ్బరి నూనె చలికాలం గడ్డకడుతుంది, బండి ఇరుసులకు వాడే ఆముదం జిగురవుతుంది. రెండూ వద్దు.

పరీక్ష సులువు. ఫలితం సున్నా చేసి, కుడి చివర 1 పెట్టి, హ్యాండిల్ ఒకసారి వెనక్కి తిప్పండి. గంట మోగి వరసగా 9లు రావాలి. ముందుకు తిప్పితే అన్నీ సున్నాలవ్వాలి. కొన్ని మోడళ్లలో ఎడమ చివరి గళ్ల దాకా క్యారీ వెళ్లదు, అది లోపం కాదు. మధ్యలో ఎక్కడైనా ఆగితే ఆ గడి దగ్గర మళ్లీ టర్పెంటైన్ పట్టించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉంటే కడిగిన ఉక్కును రాత్రంతా వదిలేయకుండా, ఆరగానే అదే రోజు నూనె పని పూర్తి చేయండి.