విండోస్ 11 వేశాక కంప్యూటర్ నత్తనడక: పాతదానికి మళ్లడమా, డిస్క్ మార్చడమా, లినక్స్‌కు వెళ్లడమా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ తిరుపతిలో నెట్ సెంటర్లు, డీటీపీ దుకాణాలు, పిల్లల చదువుల కోసం కొన్న ఇంటి ల్యాప్‌టాప్‌లు హడావుడిగా విండోస్ 11కి మారాయి. కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఆ తర్వాత ఒకే మాట పదేపదే వింటున్నాను: "సార్, నిన్నటిదాకా బాగానే ఉండేది. పదకొండు వేయించాకే ఇలా అయింది."

వాళ్లు చెప్పేది నిజమే. కంప్యూటర్ నెమ్మదించిన మాట వాస్తవం. అయితే ఆ కోపంలో కొందరు వెంటనే విండోస్ 10కి తిరిగి వెళ్లిపోతున్నారు, కొందరు అప్పు చేసి మరీ కొత్త ల్యాప్‌టాప్ కొంటున్నారు. రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం. ఇది చిన్న విషయం కూడా కాదు. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో విడుదలయ్యే పూట నెట్ సెంటర్‌లో బ్రౌజర్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడితే, టికెట్ కోసం ఎదురుగా కూర్చున్నవాళ్ల ఆశ అక్కడే నీరుగారిపోతుంది. పరీక్ష ఫీజుకు ఆఖరి రోజున వచ్చిన విద్యార్థి పరిస్థితీ అంతే.

ముందుగా జబ్బు ఎక్కడుందో తెలియాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ ఆన్ చేసిన పది నిమిషాల తర్వాత, ఏ ప్రోగ్రామూ తెరవకుండా, అందులోని అంకెలు చూడండి. నా దగ్గరికి వచ్చే నెమ్మది కంప్యూటర్లలో ఎక్కువ వాటిలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. సీపీయూ, అంటే ప్రాసెసర్, పది, పదిహేను శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది. డిస్క్ గడి మాత్రం ముదురు రంగుకు తిరిగి 100 శాతం దగ్గరే నిలబడి ఉంటుంది. పోనీ అంత పని జరుగుతోందా అని పక్కన చూస్తే, సెకనుకు ఒకటో రెండో మెగాబైట్లు. పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ మీద నొక్కితే అది హెచ్‌డీడీయో (తిరిగే పాతరకం హార్డ్ డిస్క్) ఎస్‌ఎస్‌డీయో (కదిలే భాగాలు లేని కొత్తరకం డిస్క్) అక్కడే రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అని ఉంటే మీ జబ్బు దాదాపుగా దొరికినట్లే.

కారణం ఇది. ల్యాప్‌టాప్‌లో ఉండే పాత హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం. దాని మీద ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదిలి, కావలసిన చోటికి చేరి చదవాలి. పెద్ద సినిమా ఫైలును వరుసగా చదవమంటే సెకనుకు వంద మెగాబైట్ల దాకా చదవగలదు. కానీ వేర్వేరు చోట్ల చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లు అడిగితే సెకనుకు సుమారు వంద చోట్లకు మించి పోలేదు. అదే పని ఎస్‌ఎస్‌డీ వేల సార్లు చేస్తుంది, ఎందుకంటే అందులో కదిలే భాగమే లేదు. విండోస్ 11 నేపథ్యంలో చేసే పనులన్నీ, అంటే వెతుకులాట కోసం ఫైళ్ల సూచిక తయారుచేయడం, వైరస్ తనిఖీ, అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ సింక్, ఇవన్నీ ఇలా చిన్న చిన్న ఫైళ్లను చదివే పనులే. విండోస్ 10 కూడా ఇవి చేసేది. పదకొండులో ఆ బరువు ఇంకొంచెం పెరిగింది. అంచున ఉన్న డిస్క్‌ను ఆ కాస్త చాలు, కిందికి తోసేయడానికి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అప్‌గ్రేడ్ చేసిన మొదటి కొన్ని రోజుల నెమ్మదిని చూసి తీర్పు ఇవ్వకండి. సూచిక మళ్లీ మొదటి నుంచి తయారవుతుంది, మిగిలిపోయిన అప్‌డేట్లు దిగుతాయి, డ్రైవర్లు సర్దుకుంటాయి. కంప్యూటర్‌ను ఒక రాత్రంతా ఛార్జర్ పెట్టి, నిద్రలోకి పోకుండా వదిలేస్తే ఇందులో చాలా పని పూర్తవుతుంది. ఆ తర్వాత కూడా అలాగే ఉంటేనే కింది దారుల్లో ఏది అన్న ప్రశ్న.

మొదటిది, వెనక్కి మళ్లడం. అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ అనే చోటికి వెళితే 'గో బ్యాక్' అని కనిపిస్తుంది. ఫైళ్లు పోకుండా విండోస్ 10 తిరిగి వస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి. పది రోజులు దాటితే పాత వ్యవస్థను దాచిన ఫోల్డర్‌ను విండోస్ తనంతట తానే తీసేస్తుంది, ఆ పైన మొత్తం చెరిపి మళ్లీ వేయాల్సిందే. మరి భద్రత సంగతి? వ్యక్తిగత వాడకందారులకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం పెట్టింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే అది ఉచితం. లేకపోతే 1000 రివార్డ్ పాయింట్లు, లేదా 30 డాలర్లకు సమానమైన రుసుము. కంప్యూటర్‌లో విండోస్ 10 22హెచ్2 వెర్షన్ ఉండాలి. కొత్త సౌకర్యాలేవీ రావు, భద్రతా సవరణలే వస్తాయి.

ఇది ఊపిరి తీసుకోవడానికి దొరికిన గడువు. అంతకుమించి దీని మీద ఆశ పెట్టుకోకూడదు. ఈ పథకంలో చేరకుండా ఊరికే విండోస్ 10కి వెళ్లి, అందులోనే బ్యాంకు లావాదేవీలు, కస్టమర్ల ఆధార్ వివరాలు నడిపేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. ఇంటి కంప్యూటర్ ఒక ఎత్తు. పదిమంది తమ కాగితాలు చేతిలో పెట్టి వెళ్లే నెట్ సెంటర్ మరో ఎత్తు.

రెండోది, విండోస్ 11లోనే ఉండి హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించడం. ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ అయితే, నన్ను అడిగినవాళ్లకు నేను తడుముకోకుండా చెప్పే సలహా ఇదే. 2018, 2019 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్‌లు చాలా వరకు ఈ కోవలోకి వస్తాయి. ప్రాసెసర్ బాగుంటుంది, తెర బాగుంటుంది, కీబోర్డు బాగుంటుంది. ధర తగ్గించడానికి కంపెనీ పెట్టిన ఆ తిరిగే డిస్క్ ఒక్కటే మొత్తం యంత్రాన్ని కిందికి లాగుతుంటుంది.

ల్యాప్‌టాప్ అడుగున మరలు విప్పి మూత తీస్తే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ ఒక పక్కన కనిపిస్తుంది. దాన్ని బయటికి లాగి, అదే కనెక్టర్‌లో అదే కొలతల సాటా ఎస్‌ఎస్‌డీ నెట్టి, మరలు బిగించడమే. ఇంతకుముందు లాగిన్ తెర రావడానికి టీ తాగి వచ్చేంత సమయం పట్టిన యంత్రం, తర్వాత అర నిమిషం లోపే సిద్ధమవుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ వేగం సెకనుకు సుమారు 500 మెగాబైట్లు, ఎన్‌వీఎంఈ రకం ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ రోజువారీ పనిలో మీకు తేడా తెలిసేది హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడే. కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ స్లాట్ లేదని బాధపడనక్కర్లేదు. పాత డిస్క్ ఇంకా బాగుంటే దాన్ని డీవీడీ డ్రైవ్ ఉన్న చోట పట్టే క్యాడీ అనే చట్రంలో పెట్టి పాత ఫొటోలకూ వీడియోలకూ వాడుకోవచ్చు.

లైసెన్స్ పోతుందేమోనని చాలామంది వెనకాడతారు. విండోస్ డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. డిస్క్ మార్చి అదే ఎడిషన్ మళ్లీ వేస్తే ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మళ్లీ కొనమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు క్లోన్ చేయడం కంటే కొత్తగా వేయించుకోవడమే నేను మేలంటాను. అప్‌గ్రేడ్ మీద అప్‌గ్రేడ్ అయిన వ్యవస్థలో ఏళ్ల తరబడి పేరుకున్న డ్రైవర్లు, ట్రయల్ యాంటీవైరస్‌లు, టూల్‌బార్లు క్లోన్‌తో పాటే వచ్చేస్తాయి.

ర్యామ్ సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. విండోస్ 11కి కనీసం 4 జీబీ అని కంపెనీ లెక్క. ఆ నాలుగుతో వ్యవస్థ లేచి నిలబడుతుంది, అంతే. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మెమరీ చాలక డిస్క్ మీదికి రాసుకోవడం మొదలవుతుంది, మళ్లీ కథ మొదటికి వస్తుంది. 8 జీబీ ఉండాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో రాసి ఉంటుంది. ఒకటి ఖాళీగా ఉంటే పని సులువు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, ఇప్పటికే 8 జీబీ ఉన్నవాళ్లు ఆ డబ్బును ఎస్‌ఎస్‌డీ మీదే పెట్టాలి. పేరు తెలియని చవక ఎస్‌ఎస్‌డీలకు మాత్రం దూరంగా ఉండండి. బిల్లు, మూడేళ్ల వారంటీ ఉన్నదే తీసుకోండి.

అసలు అర్హత లేని పాత కంప్యూటర్‌లో తనిఖీలు దాటవేసి విండోస్ 11 వేయించుకోవడం మూడో దారి. మన ఊళ్లో ఇది చాలా జరుగుతోంది, నాకు ఎంతమాత్రం నచ్చని దారి ఇదే. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ప్రాసెసర్ తరం లాంటి షరతులను పక్కన పెట్టేలా పెన్‌డ్రైవ్ తయారుచేసి వేసేస్తారు. మొదటి రోజు అంతా బాగుంటుంది. తర్వాత ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు. ఇలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. మరీ పాత కోర్ 2 డ్యుయో రకం ప్రాసెసర్ల మీద 24హెచ్2 వెర్షన్ అసలు లేవదు.

నెమ్మదికీ దీనికీ నేరుగా సంబంధం ఉంది. మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణను విండోస్ 11 కొత్తగా వేసినప్పుడు తరచూ ఆన్ చేసే పెడుతుంది. ఇంటెల్ ఏడో తరానికి ముందున్న ప్రాసెసర్లలో ఈ పనికి తోడ్పడే ఏర్పాటు చిప్‌లోనే లేదు. ఆ లోటును సాఫ్ట్‌వేర్‌తో పూడ్చాల్సి రావడంతో ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. కొందరు ఆ రక్షణను ఆపేసి వేగం పెరిగిందని చెబుతారు. నిజమే, పెరుగుతుంది. కానీ భద్రత కోసం పదకొండుకు మారి, వేగం కోసం ఆ భద్రతనే ఆపేస్తే ఇక మారి ఏం లాభం?

ఇలాంటి కంప్యూటర్లకు నాలుగో దారి ఉంది: విండోస్‌కు బదులుగా వేసుకునే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. డబ్బు పెట్టనక్కర్లేదు. 2024లో వచ్చిన మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయి. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది. ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల గదుల్లో ఉండే విద్యార్థులు అన్నల దగ్గరి నుంచి వచ్చిన పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లు తెచ్చి "ఇది పనికొస్తుందా అన్నా?" అని అడుగుతారు. ఇంటర్నెట్, పీడీఎఫ్‌లు, ప్రాజెక్టు రిపోర్టులు, పైథాన్ నేర్చుకోవడం, ఇంతే అవసరమైతే మింట్ కంటే మంచిది వాళ్లకు నేను చూపించలేను. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, నచ్చితేనే డిస్క్‌లో వేసుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు టైపింగ్ విండోస్‌లో ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉంటుంది.

అందరికీ సరిపోదు అన్నది కూడా అంతే గట్టిగా చెప్పాలి. ట్యాలీ మీద లెక్కలు రాసే దుకాణానికి ఇది కుదరదు. అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ 7 మీద పెళ్లిపత్రికలు, కరపత్రాలు కూర్చే డీటీపీవాళ్లకూ కుదరదు. వేలిముద్ర పరికరాలతో పనిచేసే సేవా కేంద్రాలు దీని జోలికి రాకపోవడమే మంచిది. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు లినక్స్‌లో డ్రైవర్ కూర్చోబెట్టడం పెద్ద తలనొప్పి, కాబట్టి ప్రింటర్ మోడల్ చూడకుండా మాట ఇవ్వకూడదు.

కొత్త కంప్యూటర్ కొనడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మదర్‌బోర్డు దెబ్బతిన్నా, తెరా బ్యాటరీ రెండూ పోయినా, రోజంతా వీడియో ఎడిటింగ్ పని ఉన్నా కొనాల్సిందే. కేవలం నెమ్మదిగా ఉందని కొనేముందు మాత్రం ఫ్యాన్ ఒకసారి విప్పించి చూడండి. మన ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి, దుమ్ముకు కొదవ లేదు. ఫ్యాన్ రెక్కలకూ గాలి పోయే జాలీకీ మధ్య దుమ్ము చాపలా పేరుకుని, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండిపోతే, వేడి తట్టుకోలేక ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్‌గ్రేడ్ ఏప్రిల్‌లో చేయించి, నెమ్మది మేలో మొదలైతే ఆ నేరం విండోస్‌ది కాకపోవచ్చు.

ఏ దారి పట్టినా డిస్క్ ముట్టుకునే ముందు రెండు పనులు తప్పనిసరి. ఒకటి, ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం. రెండు, సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడటం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా వేసిన విండోస్ 11లో అది మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. ఉంటే రికవరీ కీ మీ ఖాతాలోకి వెళ్లి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కీ లేకుండా బయోస్‌లో ఏదైనా మార్చినా, డిస్క్ తీసి ఇంకో యంత్రానికి పెట్టినా లోపల ఉన్నది ఎవరూ తీసివ్వలేరు. పిల్లల చిన్ననాటి ఫొటోలు అలా పోయినవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మాటలుండవు.

పాత ప్రింటర్లు, స్కానర్లు విండోస్ 11లో పనిచేస్తాయా అని డీటీపీ దుకాణాలవాళ్లు తప్పకుండా అడుగుతారు. జవాబు ఇది. విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు. అందువల్ల పాత 32 బిట్ డ్రైవర్లతో నడిచే ప్రింటర్లు, స్కానర్లు అందులో పనిచేయవు. అలాంటి యంత్రాన్ని మార్చకండి. విండోస్ 10తోనే ఉంచి, ఇంటర్నెట్ కేబుల్ తీసేసి, వైఫై ఆపేసి కంపోజింగ్‌కే వాడండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లే ముందు, నెట్ ఉన్న మరో కంప్యూటర్‌లో దాన్ని స్కాన్ చేయండి. మెయిళ్లు, చెల్లింపులు, ఆన్‌లైన్ దరఖాస్తులు ఎస్‌ఎస్‌డీ వేసిన విండోస్ 11 కంప్యూటర్‌లో జరగనివ్వండి.